గ్యాస్ లీకైన తొలి పావుగంట: ఊరికి ఎవరు చెప్పాలి, ఏం చెప్పాలి

గ్యాస్ లీకంటే మనకు వెంటనే విశాఖ గుర్తొస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 20న చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి దగ్గరున్న డెయిరీలో అమ్మోనియా లీకై 14 మంది కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. ఆ సంగతి ఈ చుట్టుపక్కల వాళ్లకే సరిగ్గా గుర్తులేదు.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అమ్మోనియా కొత్తేం కాదు. పాలు చల్లబరిచే చిల్లింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల శీతల గదులు చాలావరకు దానిమీదే నడుస్తాయి. తాగునీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్ ఉంటుంది. పెద్ద వాటిల్లో 900 కిలోల భారీ సిలిండర్లే (టన్నర్లు) ఉంటాయి. హైవేల మీద గ్యాస్ ట్యాంకర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. శ్రీసిటీ, నాయుడుపేట, రేణిగుంట, ఏర్పేడు వైపు ఫ్యాక్టరీల సంగతి చెప్పక్కర్లేదు. వీటి పక్కనే ఊళ్లున్నాయి. ఏదైనా జరిగితే ఆ ఊళ్లకు ఎవరు, ఎంతసేపట్లో, ఏ మాటల్లో చెబుతారన్నదే ఇక్కడి విషయం.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. భోపాల్ తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం, నిర్ణీత పరిమాణానికి మించి రసాయనం పెట్టుకున్న ఫ్యాక్టరీ తన ఆవరణ వరకు అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. ఆవరణ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. ప్రమాదం తగిలే అవకాశమున్న ఊరి జనానికి ప్రమాద స్వభావం, చేయాల్సినవి, చేయకూడనివి ముందే చెప్పాలని 15వ నియమం స్పష్టంగా అంటుంది. 1996 నియమాల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం, దాని కింద స్థానిక బృందాలు ఉండాలి. స్థానిక బృందం నెలకోసారి కూర్చోవాలి. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది.

చిక్కు ఆ ‘నిర్ణీత పరిమాణం’ దగ్గరుంది. అమ్మోనియా నిల్వకు ఆ గీత 60 టన్నులు. మామూలు డెయిరీలోనో కోల్డ్ స్టోరేజీలోనో ఉండేది కొన్ని వందల కిలోల నుంచి కొన్ని టన్నుల దాకా. అంటే మన ప్రాంతంలో జనావాసాలకు అతి దగ్గరగా ఉండి, ఎక్కువ ఊళ్లలో కనిపించే ప్రమాదం ఆ జాబితాలోకే రాదు. ఊరికి ముందుగా చెప్పాలన్న 15వ నియమం వాళ్ల మెడకు చుట్టుకోదు. కాబట్టి డెయిరీ పక్క పంచాయతీ ‘పైనుంచి ప్లాన్ వస్తుంది’ అని కూర్చుంటే అది ఎప్పటికీ రాదు. సర్పంచో పంచాయతీ కార్యదర్శో స్వయంగా గేటు దగ్గరికెళ్లి మీ దగ్గర ఏముంది, ఎంతుంది, రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి నంబరేమిటి అని అడిగి రాసుకోవాలి.

ఇక సమయం లెక్క. గాలి సెకనుకు 3 మీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. ఆకులు కదిలే మామూలు గాలే అది. కిలోమీటరు దూరంలోని ఊరిని మేఘం ఐదున్నర నిమిషాల్లో చేరుతుంది. ఇప్పుడు ఫోన్ల వరస చూడండి. ఆపరేటర్ షిఫ్టు ఇన్‌ఛార్జికి చెబుతాడు, ఆయన మేనేజర్‌కి, మేనేజర్ హెడ్డాఫీసుకి, అక్కడ సరేనంటే తహసీల్దారుకి, తహసీల్దారు ఆర్డీవోకి, అక్కడినుంచి వీఆర్వోకి. ఒక్కో ఫోనుకు మూడు నిమిషాలు వేసుకున్నా పద్దెనిమిది నిమిషాలు. రాత్రి రెండింటికైతే ఈ వరసలో ఒకరు ఫోన్ ఎత్తకపోతే చాలు. మొదటి పావుగంటలో ఊరిని కాపాడగలిగేది ఫ్యాక్టరీ షిఫ్టు ఇన్‌ఛార్జి ఒక్కడే. అందుకే సైరన్ మీటకు, పంచాయతీకి చేసే మొదటి ఫోనుకు ఎవరి అనుమతీ అక్కర్లేదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. అది లేకపోతే అంత పెద్ద నిర్ణయం నెత్తిన వేసుకోవడానికి ఏ జీతగాడూ సాహసించడు.

సైరన్ లేక కాదు, మోగించక నష్టపోయిన సందర్భాలే మనకు ఎక్కువ. విశాఖ ప్రమాదంపై వేసిన హైపవర్ కమిటీ నివేదిక ప్రకారం ఆ ప్లాంటులో గేటుతో సహా 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటుంది. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. 1984లో భోపాల్‌లో ఊరికి వినిపించే సైరన్‌ను కాసేపు మోగించి ఆపేశారు, జనం బెదిరిపోతారని. జనం బెదిరి తొక్కిసలాడుకుంటారన్న ఈ భయం అధికారుల్లో, యాజమాన్యాల్లో పాతుకుపోయింది. అసలు జరిగేది వేరు. హెచ్చరిక విన్న మనిషి వెంటనే పరిగెత్తడు. బయటికొచ్చి చూస్తాడు, పక్కింటాయన్ని అడుగుతాడు, బామ్మర్దికి ఫోన్ చేస్తాడు, నిజమేనని రెండో చోట విన్నాకే కదులుతాడు. ఆ ఆలస్యం తగ్గాలంటే ఒకే మాట రెండు మూడు దారుల్లో ఒకేసారి చేరాలి: సైరన్, మైకు, ఫోన్ మెసేజ్. మూడింటా ఒకే వాక్యాలుండాలి. మైకులో ‘ఇంట్లోనే ఉండండి’ అని, వాట్సాప్‌లో ‘ఊరు ఖాళీ చేయండి’ అని వస్తే జనం రెండూ వదిలేసి రోడ్డెక్కుతారు.

ఉండమనాలా, వెళ్లమనాలా అన్నది రసాయనాన్ని బట్టి తేలాలి. దీన్ని అప్పటికప్పుడు ఆలోచిస్తే తప్పుతుంది.

అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందిలే అని చాలామంది పుస్తకంలో చదివింది చెబుతారు. పైపులో అది ఒత్తిడిలో ఉన్న ద్రవం. పగిలినప్పుడు సన్నటి తుంపరలతో, చల్లటి తెల్లని పొగమంచులా నేలబారున పాకుతుంది. వేడెక్కాకే లేస్తుంది. గాలి ఆడని చలికాలపు తెల్లవారుజామున ఇంకా ఎక్కువసేపు కిందే ఉంటుంది. చాలా దేశాల్లో ఫైర్ సిబ్బంది వాడే గైడ్‌బుక్‌లో చిన్న అమ్మోనియా లీకుకు గాలివాలున జనాన్ని కాపాడాల్సిన దూరం పగలు 100 మీటర్లు, రాత్రి 200 మీటర్లు అని వేరువేరుగా ఇచ్చింది ఇందుకే. డెయిరీలో పైపు లీకులాంటి వాటికి వాల్వు కట్టేస్తే ఆగిపోతుంది కాబట్టి, చుట్టుపక్కల వాళ్లు తలుపులు మూసుకుని లోపల ఉండడమే మేలు. బయట పరిగెడితే నేరుగా పొగలోకే పోవచ్చు. ఎయిర్ కూలర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేయాలి. కూలర్ బయటి గాలినే లాగి మొహాన కొడుతుంది. ఈ మాట చాలా కరపత్రాల్లో కనిపించదు. తలుపు కింద తడి గోనెపట్టా పెట్టాలి, ముక్కుకు తడిగుడ్డ కట్టాలి. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి తడిగుడ్డ నిజంగానే ఆదుకుంటుంది. స్టైరీన్‌లాంటి నీళ్లలో అంతగా కరగని ఆవిరికి అదే తడిగుడ్డ పెద్దగా పనికిరాదు. కళ్లు మండితే నలపకుండా పావుగంట నీళ్లతో కడగాలి. రేకుల షెడ్డు, పూరి గుడిసె మూసినా మూసినట్టు కాదు. అక్కడి వాళ్లను బడికో, పక్కా ఇంటికో రమ్మనాలి. ఆ పక్కా ఇల్లు ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

క్లోరిన్ గాలికి రెండున్నర రెట్లు బరువు. పల్లంలో, కాలువల్లో, బావుల్లో చేరుతుంది. అప్పుడు మేడెక్కమనాలి. గ్యాస్ ట్యాంకర్ బోల్తాపడి కారుతుంటే లోపల కూర్చోబెట్టడం ప్రమాదం. స్విచ్చులు ముట్టుకోకుండా, బండి స్టార్టు చేయకుండా నడిచి దూరం పోవాలి. ట్యాంకర్‌కి మంటే అంటుకుంటే నలువైపులా 1600 మీటర్లు ఖాళీ చేయించమంటుంది అదే గైడ్‌బుక్. ఫోటోలు తీయడానికి దగ్గరికెళ్లే కుర్రాళ్లకు ఈ అంకె ఒక్కటి గుర్తుంటే చాలు.

వాసన సంగతి కూడా చెప్పాలి. అమ్మోనియా ఘాటు చాలామందికి 5 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 5 వంతులు) దగ్గరే తెలుస్తుంది. ప్రాణాలకు తక్షణ ప్రమాదమని లెక్కగట్టిన మోతాదు 300 పీపీఎం. రెండు కిలోమీటర్ల దూరంలో ముక్కుపుటాలు అదిరినంత మాత్రాన ఊరు ఖాళీ చేయక్కర్లేదు. అధికారులు ‘ఏం లేదు, ఏం లేదు’ అంటారు, జనానికేమో వాసన కొడుతూ ఉంటుంది. ఇక వాళ్ల మాట ఎవడు నమ్ముతాడు? ‘మీకు ఘాటు తెలుస్తుంది. ఈ దూరంలో కళ్లు మండొచ్చు, ప్రాణాపాయం లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం లోపలే ఉండండి’ అంటే నమ్ముతారు. ఇది అమ్మోనియాకే వర్తిస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసనే పట్టదు. దాని విషయంలో వాసన పోయిందంటే ఇంకా భయపడాలి.

ఇప్పుడు మాట. మన ప్రకటనల్లో తరచూ వినిపించేది ఇలా ఉంటుంది: ‘పరిసర గ్రామాల ప్రజలు అప్రమత్తంగా ఉంటూ తగు జాగ్రత్తలు తీసుకోవలసిందిగా కోరడమైనది. ఎవరూ భయాందోళనలకు గురికావద్దు.’ ఇందులో చేయాల్సిన పని ఒక్కటీ లేదు. పరిసర గ్రామాలంటే ఏవి? తగు జాగ్రత్తలంటే ఏవి? భయపడొద్దన్న మాట విన్నాకే చాలామందికి భయం పుడుతుంది.

పనికొచ్చే ప్రకటన ఇలా ఉంటుంది:

‘పంచాయతీ నుంచి చెబుతున్నాం. డెయిరీలో అమ్మోనియా లీకైంది. గాలి మనవైపే ఉంది. స్కూలు వీధి, చెరువు వీధి, ఎస్సీ కాలనీ వాళ్లు ఇంట్లోకెళ్లి తలుపులు వేసుకోండి. కూలర్ ఆపండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. తొమ్మిదిన్నరకు మళ్లీ చెబుతాం.’

చెప్పేదెవరు, ఏమైంది, ఎవరికి, ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు. ఐదే. వీధుల పేర్లు, టైము మాత్రం ఖాళీ వదిలి మిగతాది ముందే రాసి, అట్టకు అంటించి మైకు పక్కనే వేలాడదీయాలి. కంగారులో మనిషికి కొత్త వాక్యం తట్టదు. ‘గాలికి అడ్డంగా నడవండి’ అని ఎవరూ చెప్పకండి. అర్థమయ్యేది పదిమందిలో ఒకరికి. ‘చెరువు కట్ట మీదుగా బడివైపు నడవండి’ అనాలి. గాలి ఎటో చూడ్డానికి పెద్ద పరికరం కూడా అక్కర్లేదు. గుడి మీది జెండా, కొబ్బరి మట్టలు, ఇటుక బట్టీ పొగ చాలు. చూసి చెప్పేదెవరో మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఆ ప్రకటన పొడవు కూడా ఊరికే అంత పెట్టలేదు. మైకు కట్టిన ఆటో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు ఐదున్నర మీటర్లు. మాట ముందూ వెనకా యాభయ్యేసి మీటర్లు స్పష్టంగా వినిపిస్తుందనుకుంటే, ఒక ఇంటికి అది వినబడేది 18 సెకన్లే. నలభై సెకన్ల ప్రకటన చదువుకుంటూ పోతే ఏ ఇంటివాళ్లూ పూర్తిగా వినరు. సగం వీధికి ‘డెయిరీలో లీకైంది’ తెలుస్తుంది, మిగతా సగానికి ‘తొమ్మిదిన్నరకు మళ్లీ చెబుతాం’ తెలుస్తుంది. ఆటో ప్రతి మలుపులో ఆగి, రెండుసార్లు చదివి కదలాలి. ఇంకో సంగతి: పొగ కమ్మిన వీధిలోకి ఆటోను పంపకూడదు. ఆ డ్రైవరుకు ముక్కుకు కట్టుకునే తువ్వాలు తప్ప ఏమీ ఉండదు.

గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు మంచి సాధనాలే. ఆపరేటర్లు ఊళ్లోనే ఉంటారు, కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది. లోపం ఏమిటంటే గుడి మైకు ఊరిని దాటదు. విడిగా ఉండే కాలనీకి, ఇటుక బట్టీ గుడిసెలకు, మామిడి తోట కాపలావాళ్లకు, కోళ్లఫారం కూలీలకు వినపడదు. మాక్ డ్రిల్ రోజు మైకు వేసి, ఊరి చివర నలుగురిని నిలబెట్టి ఏం వినిపించిందో చెప్పమంటే ఎక్కడ రెండో హారన్ కావాలో తేలిపోతుంది. మన పల్లెల్లో పాల కేంద్రం ఇంకో గట్టి దారి. పొద్దున, సాయంత్రం ప్రతి ఇంటినుంచీ ఒకరు అక్కడికొస్తారు. లీకైన గంటలో కాకపోయినా, ముందుగా నేర్పడానికి, తర్వాత ప్రశ్నలకు జవాబివ్వడానికి అంతకంటే మంచి చోటు లేదు.

సైరన్‌కి భాష ఉంటుంది, అది నేర్పితేనే తెలుస్తుంది. పౌర రక్షణ పద్ధతిలో ఎగుడుదిగుడుగా రెండు నిమిషాలు మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ముగిసినట్టు. ఫ్యాక్టరీలు మాత్రం తమ తమ కోడ్ పెట్టుకుంటాయి. షిఫ్టు మారే సైరన్, ప్రమాద సైరన్ ఒకేలా ఉన్నచోట ఊరు రెండింటినీ పట్టించుకోదు. ఏ మోతకు ఏం చేయాలో బస్టాపు గోడ మీద పెయింటు వేయించడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఫోన్ హెచ్చరికల్లో సెల్ బ్రాడ్‌కాస్ట్ మేలు. మామూలు ఎస్సెమ్మెస్ నంబరు నంబరుకూ వెళ్లాలి. బ్రాడ్‌కాస్ట్ టవర్ కింద ఉన్న, ఆ సదుపాయమున్న ప్రతి ఫోనుకూ ఒకేసారి చేరుతుంది. తిరుపతికి వచ్చిన యాత్రికుడి ఫోన్ ఏ రాష్ట్రానిదైనా సరే. తడ, సత్యవేడు దగ్గర మాత్రం సరిహద్దు అవతలి టవర్ పట్టుకున్న ఫోన్లుంటాయి. ప్రమాద ప్రాంతాన్ని మ్యాపులో గీసేటప్పుడు గీతను రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపేస్తే అవి జారిపోతాయి. పైగా అక్కడ గాలి పూటపూటకూ తిరుగుతుంది. మధ్యాహ్నం పులికాట్ వైపునుంచి సముద్రపు గాలి సత్యవేడు వైపు తోస్తుంది. నైరుతి రోజుల్లో పడమటి గాలి తడ, హైవే, ఆరంబాకం వైపు తోస్తుంది. అందుకే తిరువళ్లూరు జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు మన జాబితాలో, మనది వాళ్ల జాబితాలో ఉండాలి. ప్రకటన తెలుగుతోపాటు తమిళంలోనూ, వలస కార్మికుల హాస్టళ్లకు హిందీలోనూ రికార్డు చేసి పెట్టుకోవాలి. యాత్రికులకు వీధి పేర్లు చెప్పి లాభం లేదు. బస్టాండు, రైల్వే స్టేషను, సత్రం పేరు చెప్పాలి. జాబితా అన్నాక ఒకమాట: 2024కు ముందు రాసిన చాలా ప్రణాళికల్లో ఇంటింటికీ చెప్పే పని వాలంటీర్ల పేరున ఉంటుంది. ఇప్పుడు వాళ్లు లేరు. ఆ పేజీ కొట్టేసి సచివాలయం సిబ్బంది, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల పేర్లతో మళ్లీ రాయాలి.

రెండో గంటకు సమస్య మారుతుంది. గేటు దగ్గర కార్మికుల కుటుంబాలు చేరతాయి. ‘మా అమ్మాయి లోపలుందా, బయటుందా?’ అన్నదొక్కటే ప్రశ్న. జవాబివ్వాలంటే ఆ షిఫ్టులో ఎవరెవరున్నారో తెలియాలి. సొంత ఉద్యోగుల హాజరు పంచింగ్‌లో ఉంటుంది. కాంట్రాక్టు కూలీల పేర్లు మేస్త్రీ జేబులోని చీటీలో ఉంటాయి, ఆ మేస్త్రీ కూడా లోపలే ఉంటాడు. ప్రతి షిఫ్టు మొదట్లో ఆ చీటీని ఫోటో తీసి గేటు బయటి నంబరుకు పంపే అలవాటుంటే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. సహాయ కేంద్రం గేటు దగ్గర పెట్టకూడదు. అంబులెన్సు దారి మూసుకుపోతుంది. గాలికి ఎదురువైపు, కాస్త దూరంలో ఒక స్కూలో కల్యాణ మండపమో చూడాలి. ఆసుపత్రికి రోగితోపాటు రసాయనం పేరు, దాని వివరాలుండే సేఫ్టీ డేటా షీట్ కూడా వెళ్లాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరు ‘ఏం పీల్చాడు?’ అని అడిగితే ‘ఏదో గ్యాస్ సార్’ అనే పరిస్థితి రాకూడదు.

ఇదే గంటలో పుకార్లు మొదలవుతాయి. విశాఖలో మే 7 రాత్రి రెండోసారి లీకైందన్న మాటతో జనం మళ్లీ రోడ్ల మీదికొచ్చారు. ‘వదంతులు నమ్మవద్దు’ అంటే వదంతి ఏమిటో తెలియనివాడికీ కుతూహలం పుడుతుంది. ఉన్న నిజం ముందు చెప్పాలి: ‘రెండో ట్యాంకును 8.40కి చూశాం, ఒత్తిడి మామూలుగా ఉంది, దాని మీద నీళ్లు చల్లుతున్నాం.’ మాట్లాడేది ఒక్కరే కావాలి. ప్రతి అరగంటకూ రావాలి. కొత్త సంగతి లేకపోతే లేదని చెప్పడానికైనా రావాలి, లేకపోతే ఆ ఖాళీని ఎవరో పాత వీడియోతో నింపేస్తారు. కారణం గురించి ఊహలు, ఇంటివాళ్లకు తెలియకముందే మృతుల పేర్లు చెప్పకూడదు.

అందరూ మరిచిపోయేది ముగింపు ప్రకటన. తలుపులు మూసిన ఇంట్లోకీ కొంత గ్యాస్ చేరుతుంది. బయట మేఘం దాటిపోయాక లోపలి గాలే ఎక్కువ చెడి ఉంటుంది. అప్పుడు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి కాసేపు బయటికి రమ్మనాలి. ‘లోపలుండండి’ అని చెప్పి, ఇక చెప్పకుండా వదిలేస్తే చేసిన మేలు సగం పోతుంది. ఈ ప్రకటన చేసే అధికారం ఎవరిదో, ఏ రీడింగ్ చూసి చేయాలో ముందే రాసుకోవాలి. గాలిలో అమ్మోనియాను కొలిచే మీటరు కంపెనీ దగ్గర ఉండి తీరాలి. ఫైర్ ఇంజన్ చల్లిన నీళ్లు అమ్మోనియాతో కలిసి చెరువులోకి పోతే చేపలు చస్తాయి. కాలువకు మట్టికట్ట వేయాలన్న సంగతీ, ఆ నీళ్లు పశువులకు తాపొద్దన్న సంగతీ ఇందులోనే చెప్పాలి.

పశువుల ప్రస్తావన లేని ఏ ప్రకటనా మన దగ్గర పనిచేయదు. ఊరు ఖాళీ చేయమంటే మనిషి వెళ్తాడు, మేఘం దాటకముందే ఆవు కోసం తిరిగొస్తాడు. వెళ్లమన్నప్పుడే ‘పశువుల పలుపులు విప్పి వదిలేయండి, మళ్లీ చెప్పేదాకా వాటికోసం రావొద్దు’ అని కలపాలి. మరుసటి పొద్దున ఆరింటికి పాల కేంద్రం దగ్గర రెండు ప్రశ్నలు తప్పవు: ఈ పాలు పోయొచ్చా, పోయకపోతే డబ్బులెవరిస్తారు? మొదటిదానికి పశుసంవర్ధక శాఖ డాక్టరు, రెండోదానికి కంపెనీ ఆ రాత్రికే జవాబు రాసి ఇవ్వాలి, పాల కేంద్రం బోర్డు మీద అంటించాలి.